మూత తియ్యకముందే

డిసెంబర్ 8, సోమవారం

బెంచీ కదులుతోంది. ఇవాళ నన్ను అదరగొట్టిన మొదటి సంగతి ఇదే.

నళిని మేడమ్ సైన్స్ ఫెయిర్ టాపిక్స్ పంచారు. నాకూ సృజన్‌కీ ‘పదార్థ స్థితులు’ వచ్చింది. సృజన్ మొహం మాడ్చుకున్నాడు. వాడికి రాకెట్ కావాలట. తొమ్మిదో క్లాసుకొచ్చి ఘనం, ద్రవం, వాయువు ఏంటని గొణిగాడు. మేడమ్ విని, అయితే ఘనపదార్థంలో కణాలు ఏం చేస్తుంటాయో చెప్పమన్నారు. వరసగా, దగ్గరదగ్గరగా ఉంటాయి, కదలవు అన్నాడు. నేనూ అదే అనేదాన్ని. మేడమ్ తల అడ్డంగా ఊపారు. వరసగా ఉంటాయి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, చోటు మారవు. కానీ కదలకుండా మాత్రం ఉండవు. ఎక్కడివక్కడే వణుకుతుంటాయి. ఆగవు.

అప్పుడు నా చెయ్యి బెంచీ మీద ఉంది. తీసేశాను.

మా బెంచీ, బోర్డు, నారాయణగూడ ఫ్లైఓవర్, నా పళ్ళు. అన్నీ లోపల వణుకుతూ, పైకి ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. ఈ పాఠం జూన్‌లో చదివాను. పరీక్ష రాశాను. ఫుల్ మార్కులు. అయినా అది ఈ బెంచీ గురించి అని ఇవాళే తట్టింది.

ఇంటికొస్తూ దారిలో ఉన్న ప్రతి గోడనీ ముట్టుకున్నాను. సృజన్ నాతో నడవడం మానేసి రోడ్డుకి అటువైపు వెళ్ళిపోయాడు.

డిసెంబర్ 9, మంగళవారం

కొత్త మాట: ఉత్పతనం. ఘనం మధ్యలో ద్రవం కాకుండా నేరుగా వాయువైపోవడం. పైకి అంటుంటే నాలుక మీంచి ఏదో ఎగిరిపోయినట్టుంది.

డిసెంబర్ 10, బుధవారం

గ్లాసు అంచుదాకా నీళ్ళు పోశాను. ఇంకొక్క చుక్క పడితే పొర్లుతుంది. అందులో చక్కెర కొంచెం కొంచెంగా జారవిడిచాను. పొర్లలేదు. ఇంకా వేశాను. అయినా పొర్లలేదు.

నీళ్ళ కణాల మధ్య ఖాళీలుంటాయట. చక్కెర కణాలు వాటిలో దూరి కూర్చుంటాయట. నిండుగా ఉందనుకున్న గ్లాసు నిండుగా లేదు. మనకి కనబడే ‘నిండు’ అంతా ఇంతేనా? అడగడానికి భయమేసింది.

ఇదంతా మా మెస్ వంటింట్లో చేశాను. అశోక్‌నగర్‌లో మేముండేది మేడ మీద, కింద అమ్మ మెస్. గ్రూప్స్‌కీ ఎస్సై పోస్టులకీ ప్రిపేరయ్యే వాళ్ళు వచ్చి తింటారు. ప్లేటు పక్కన పుస్తకం, పుస్తకం మీద పప్పు మరక. వంట అమ్మది. తరగడం, రుబ్బడం, అందివ్వడం రామమ్మది.

రామమ్మ నా గ్లాసు చూసి, గంత చక్కెర ఏడికి పోయింది పిల్లా అని అడిగింది. ఖాళీల్లోకి అన్నాను. కిరాయికి దిగిందా అంది. ఒక్కో రూములో అరడజను మంది సర్దుకునే వీధి మాది. ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ దొరకదు. ఫెయిర్‌లో ఇదే చెప్తాను.

డిసెంబర్ 11, గురువారం

ఈ చలికి నెయ్యి పేరుకుంది. పాఠంలో దీన్ని ఘనీభవనం అన్నారు. రామమ్మ గడ్డ కట్టింది అంటుంది. అమ్మ పేరుకుంది అంటుంది. మూడూ రాసుకున్నాను. పేరుకోవడమే నాకు నచ్చింది. తొందర లేని మాట. అటూ ఇటూ జారుతున్న కణాలు ఒక్కొక్కటే అలిసిపోయి, ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నట్టుంటుంది.

వేలితో కాస్త తీసి నాకబోతే అమ్మ చేతి మీద ఒక్కటేసింది. ఇంకా నైవేద్యం కాలేదు. మా ఇంట్లో అంతే. మెస్ అయినా సరే, వండింది ముందు దేవుడికి పెట్టాలి. అప్పటిదాకా ఉప్పు చూడకూడదు. కావాలని వాసన కూడా పీల్చకూడదు. కాకినాడలో అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పద్ధతి.

నరేంద్ర అన్నకి దీని గురించి ఎప్పుడూ ఆశ్చర్యమే. అన్న నల్లగొండ నుంచి వచ్చి గ్రూప్ టూకి చదువుతున్నాడు, మా మెస్‌లో అందరికంటే పాతవాడు. నాలిక మీద వేసుకోకుండ గింతమందికి ఎట్ల వండుతరు అమ్మ అని అడుగుతాడు. కొలత చేతిలో ఉంటుంది నాయనా అని అమ్మ నవ్వుతుంది.

నాన్నకి మాత్రం మెస్ అంటే చిరాకు. బషీర్‌బాగ్ ఆఫీసు నుంచి వచ్చి, అమ్మ కిందే ఉందని తెలియగానే, ఇక మూసెయ్యరాదూ దీన్ని అంటారు. రోజూ అనే మాటే. అమ్మ రోజూ వినిపించుకోదు.

డిసెంబర్ 12, శుక్రవారం

వ్యాపనం. వాయు కణాలకి వరస లేదు, తమదంటూ ఒక చోటు లేదు, పట్టుకునేవాళ్ళు లేరు. గది ఎంతుంటే అంతా తిరుగుతాయి. ఒక మూల అత్తరు సీసా మూత తీస్తే రెండో మూలకి వాసన రావడం అందుకే.

నాన్న బీరువాలో అత్తరు సీసా ఉంది. ఎవరో ఇచ్చారట. సాయంత్రం హాల్లో ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, నాన్ననీ రామమ్మనీ అమ్మనీ దూరం దూరంగా కుర్చీల్లో కూర్చోబెట్టాను. వాసన తగలగానే చెయ్యెత్తాలి. రామమ్మ కుర్చీలో కూర్చోవడానికే పెద్ద గొడవ చేసింది.

ముందు నాన్న ఎత్తారు. తర్వాత రామమ్మ. చివర్న, అన్నిటికంటే దూరంగా ఉన్న అమ్మ. అచ్చు పాఠంలో ఉన్నట్టే. ఇంత సరిగ్గా వస్తుందనుకోలేదు.

డిసెంబర్ 13, శనివారం

నిన్నటి ప్రయోగం గురించి మేడమ్‌కి గొప్పగా చెప్పాను. కళ్ళు తెరిచే ఉన్నారా అని అడిగారు. ఉన్నారు. అయితే ఒకరిని చూసి ఒకరు ఎత్తుతారు, అది ప్రయోగం కాదు, కళ్ళు మూయించి మళ్ళీ చెయ్యమన్నారు.

చేశాను. ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు. నేను సీసా పట్టుకుని మూలనున్న స్టూలు దగ్గరికి వెళ్ళాను. కాలు తగిలి స్టూలు కిర్రుమంది.

అమ్మ చెయ్యెత్తింది.

నేనింకా మూత తియ్యలేదు.

డిసెంబర్ 14, ఆదివారం

అమ్మ తొందరపడి ఉంటుంది. అంతే అయ్యుంటుంది. కానీ రామమ్మ అప్పుడు కళ్ళు తెరిచి, ముందు అమ్మ చేతిని చూసింది, తర్వాత నన్ను చూసింది. ఏమీ అనలేదు. రామమ్మ ఏమీ అనకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

డిసెంబర్ 15, సోమవారం

స్కూల్ గ్రౌండ్‌లో రిహార్సల్. క్లాసంతా కణాలు. ఘనం అంటే వరసల్లో నిలబడి, ముందువాళ్ళ భుజాలు గట్టిగా పట్టుకుని, కాళ్ళు కదపకుండా వణకాలి. చలికి ఎలాగూ వణుకుతున్నారు. ద్రవం అంటే భుజాలు వదిలేసి, వేళ్ళు మాత్రం తగిలేలా ఒకరినొకరు దాటుకుంటూ జారాలి. వాయువు అంటే ఎవరిష్టం వాళ్ళది, పరుగే. వాయువు అనగానే సృజన్ గేటు దాటి బజ్జీల బండి దాకా వెళ్ళిపోయాడు. వాయువుకి ఒక ఆకారం ఉండదు, మూత లేని పాత్రలో పెట్టడం నాదే తప్పు అన్నారు మేడమ్.

ఇంటికొచ్చి ఉత్పతనం పని మొదలుపెట్టాను. హారతి కర్పూరం బిళ్ళలు దంచాను. పొడి చేస్తే తొందరగా ఎగిరిపోతుంది, ఫెయిర్‌లో చూపించడానికి బాగుంటుంది. అప్పటిదాకా ఎగిరిపోకుండా చిన్న స్టీలు డబ్బాలో పోసి మూత బిగించాను.

డిసెంబర్ 16, మంగళవారం, ఉదయం

స్కూల్‌కి వెళ్ళలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవాళ ధనుర్మాసం మొదటి రోజు. చిక్కడపల్లి గుడి మైకు వినబడుతుండగా లేచాను. అమ్మ అప్పటికే కింద వంటింట్లో ఉంది. ఈ నెలంతా టిఫిన్‌తో పాటు చక్కెర పొంగలి ప్రసాదం పెడుతుంది. రామమ్మ రాలేదు. చెల్లెలింట్లో పని ఉందని భువనగిరి వెళ్ళింది.

జడ వేసుకుని దిగుతున్నాను. మెట్ల మధ్యలో వాసన తగిలింది. కర్పూరం. హారతి ఇచ్చేటప్పుడు వచ్చేది కాదు. చల్లగా, ఘాటుగా, కళ్ళల్లోకి ఎక్కేంత. నేను వంటింట్లోకి వెళ్ళకముందే వంటింట్లో ఏం జరిగిందో అది మెట్లెక్కి వచ్చి చెప్పింది.

స్టవ్ పక్కన నా స్టీలు డబ్బా. మూత తీసి ఉంది. పొడి కొంత తగ్గి ఉంది.

చక్కెర పొంగలిలో చివర్న చిటికెడు పచ్చకర్పూరం వేస్తారు. అది వేరు, తినేది. హారతి కర్పూరం తినకూడదు. పచ్చకర్పూరం ఉండేది కూడా అలాంటి చిన్న డబ్బాలోనే, ఎప్పుడూ రామమ్మే తీసి అందిస్తుంది. నేను నా డబ్బాని నిన్న ఆ అరలోనే పెట్టాను. మాటలంటే ప్రాణమని చెప్పుకునే నేను ఆ డబ్బా మీద ఒక్క మాట రాయలేదు.

హాల్లోకి పరిగెత్తాను. నైవేద్యం అయిపోయింది, దొన్నెలు పెట్టేశారు. చలికి అందరూ ముక్కులకి మఫ్లర్లు చుట్టుకుని, పుస్తకాల్లో తలలు పెట్టి ఉన్నారు. నరేంద్ర అన్న మఫ్లర్ కిందికి లాగి చెంచా నోట్లో పెట్టుకున్నాడు. తినొద్దు అని అరిచాను. అన్న అప్పటికే మొహం వికారంగా పెట్టి ఉమ్మేస్తున్నాడు. మిగతావాళ్ళు దొన్నెలు దూరం జరిపేశారు.

నాన్న అన్నని వీధి చివరి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. మింగింది దాదాపు ఏమీ లేదు, పర్వాలేదన్నారు. అయినా కాసేపు కూర్చోబెట్టి, పరీక్ష చేసి పంపారు. బయటికొచ్చాక అన్న నా మొహం చూసి, ఏడువకు పోరి, నా తలకాయల హారతి వెలుగుతున్నది, ఈసారి గ్రూప్ టూ ఖాయం అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

అమ్మని ఎవరూ ఏమీ అనలేదు. నైవేద్యం గాకముందు వాసన సూడది గద, ఆమెకెట్ల తెలుస్తది అన్నారు. అమ్మ కూడా తలూపింది. తప్పంతా నా డబ్బాదే అయింది.

కానీ ఆ వంటింట్లో వాసన చూడాల్సిన పని లేదు. ఊరికే నిలబడితే చాలు. అమ్మ నిలబడే ఉంది.

డిసెంబర్ 16, సాయంత్రం

అడిగేశాను.

అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని, మొన్న మూత తియ్యకముందే చెయ్యెత్తావు అన్నాను. అమ్మ వేళ్ళు ఆగాయి.

“స్టూలు చప్పుడైంది. తీశావనుకున్నాను.”

ఆ తర్వాత అంతా చెప్పింది. చిక్కుడుకాయల్నే చూస్తూ చెప్పింది. కరోనా రెండో వేవ్‌లో జ్వరంతో పాటు వాసన పోయింది. ఇంట్లో అందరికీ పోయింది, అందరికీ తిరిగొచ్చింది. అమ్మ తనకీ వచ్చిందని చెప్పింది. రాలేదు. నాలుక మీద ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, కారం మండుతుంది. ఏది మెంతి, ఏది ఇంగువ అంటే తెలియదు. ఈ ఉదయం ముక్కులో చల్లగా అనిపించిందట. చలికాలం కదా అనుకుందట.

రామమ్మకి ఒక్కదానికే తెలుసు. పాలు విరిగాయా, పిండి పులిసిందా, అడుగు అంటిందా, అన్నీ రామమ్మ పక్కనుంచి నెమ్మదిగా చెప్తుంది. నైవేద్యం పద్ధతి ఉండబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రుచి చూడని మనిషిని ఎందుకు చూడలేదని ఎవరడుగుతారు?

ఎందుకు దాచావని అడిగాను. వాసన తెలియని మనిషి చేతి వంట ఎవరు తింటారు అంది. నాన్న మెస్ మూసెయ్యమనడానికి ఒక సాకు కోసం చూస్తున్నారు, ఇంతకంటే మంచి సాకేముంటుంది అంది. ఈ మెస్ ఒక్కటే నేను నాకుగా మొదలుపెట్టింది, నాన్నకి చెప్పకు మహీ అంది. అమ్మ నన్ను బతిమాలడం ఇదే మొదటిసారి.

లేచి వెళ్తూ నా తల మీద చెయ్యి పెట్టింది.

“చిన్నప్పటి నుంచి నీ తల వాసన చూసుకుంటూ పడుకునేదాన్ని. ఇప్పుడు పక్కన ఉన్నావో లేదో కళ్ళు తెరిచి చూసుకోవాలి.”

డిసెంబర్ 17, బుధవారం

ఇవాళ తెలిసింది అన్నిటికంటే ఘోరం.

వాయువుల గురించి ఇంకేదో అడగబోయి, మేడమ్‌ని వంటగ్యాస్ గురించి అడిగాను. వంటగ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదట. లీకైతే మనుషులకి తెలియాలని, కంపు కొట్టే పదార్థం కావాలనే కలుపుతారట. గ్యాస్ గాలి కంటే బరువు. కిందికి దిగి నేల పొడుగునా పరుచుకుంటుంది. కంటికి కనబడదు.

అంటే ఆ కంపు కూడా ఒక మాటే. జాగ్రత్త అని ప్రతి వంటింట్లోనూ ముందే పెట్టి ఉంచిన మాట. అది అమ్మకి అందదు.

రామమ్మ వచ్చేది తెల్లవారాక. అంతకంటే ముందే, మేము పైన దుప్పట్లు కప్పుకుని ఉండగా, అమ్మ ఒక్కతే కిందికి దిగి, రాత్రంతా మూసి ఉన్న వంటింట్లోకి వెళ్ళి, అగ్గిపుల్ల గీస్తుంది. కరోనా నుంచీ. రోజూ.

క్లాసులో తర్వాత ఏం జరిగిందో తెలియదు.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. పడుకునేముందు రెగ్యులేటర్ ఆపుతాను కదా, చేత్తో తిప్పి చూస్తాను కదా అంది. చేతికి గ్యాస్ తెలుస్తుందా అన్నాను. అరిచానేమో కూడా. నాన్నకి చెప్దామన్నాను. ఫెయిర్ అయ్యేదాకా ఆగు అంది.

ఫెయిర్‌లో వ్యాపనం ప్రయోగం పేరెంట్స్ మీద చెయ్యాలి. కళ్ళు మూయించి. మేడమ్ ముందే అనౌన్స్ చేశారు.

డిసెంబర్ 18, గురువారం

పొద్దున్నే లేచి అమ్మతో పాటు కిందికి దిగాను. ఎందుకని అమ్మ అడగలేదు. కొత్తిమీర తరుగుతూ, ఉన్నట్టుండి, ఎలా ఉంది అని అడిగింది. బాగుందన్నాను.

“అది వాసన కాదు. మార్కు.”

ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఇన్ని మాటలు పోగేసుకున్నాను, ఒక్కటీ పనికి రాలేదు. స్కూల్ అయ్యాక చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళి నిఘంటువు తిప్పాను. పరిమళం, సౌరభం, సువాసన, గుబాళింపు. అన్నీ బాగుందనే చెప్తున్నాయి. కంపు, గబ్బు, దుర్గంధం. అన్నీ బాగాలేదని చెప్తున్నాయి. కొత్తిమీర ఎలా ఉంటుందో ఏ మాటా చెప్పదు. ఇంత పెద్ద భాషకి మార్కులెయ్యడమే వచ్చా అని కోపం వచ్చింది.

సాయంత్రం మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి, కట్ట ముక్కు దగ్గర పెట్టుకుని, అప్పుడే తడిసిన గోడ మీద నిమ్మకాయ పిండినట్టుంది అన్నాను. అమ్మ తరగడం ఆపి కళ్ళు మూసుకుంది. చాలాసేపు మూసుకునే ఉంది.

“ఆ. అదే.”

డిసెంబర్ 19, శుక్రవారం

నాన్న రేపు లీవు పెట్టారు. ఇద్దరూ ఫెయిర్‌కి వస్తారట. వ్యాపనం తీసెయ్యనా అని అమ్మని పక్కకి పిలిచి అడిగాను. ఉంచు అంది.

డిసెంబర్ 20, శనివారం

ఘనం బాగా వణికింది. ద్రవం బాగా జారింది. వాయువు మొదలవగానే గేటు దగ్గర పీటీ సార్ చేతులు చాచి నిలబడ్డారు, సృజన్ వెళ్ళి ఆయన్నే గుద్దుకున్నాడు. పేరెంట్స్ చప్పట్లు కొట్టారు. చక్కెర కిరాయికి దిగిన సంగతి చెప్తే ఇంకా గట్టిగా కొట్టారు.

తర్వాత క్లాస్‌రూమ్. కిటికీలు మూశాం, ఫ్యాన్లు ఆపాం. పేరెంట్స్ అందరూ పిల్లల బెంచీల్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. నాన్న మూడో వరసలో. అమ్మ ఆయన పక్కనే, నీలం చీర. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను ముందు టేబుల్ దగ్గర నిలబడ్డాను. ఏ చప్పుడూ లేకుండా మూత తీశాను. తర్వాత కావాలని దగ్గాను. కుర్చీ జరిపాను. సీసాని టేబుల్ మీద టక్కున పెట్టాను. ఇంతకంటే నేనేం చెయ్యగలను?

మొదటి వరసలో చేతులు లేచాయి. తర్వాత రెండో వరస. మూడో వరసలో నాన్న చెయ్యి లేచింది. ఆ వెనక వరసలు. చివర్న తలుపు పక్కన నిలబడ్డ వాచ్‌మన్ కూడా ఎత్తాడు.

అమ్మ చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. కదలలేదు. వణకడం మాత్రం కనబడింది.

మేడమ్ కళ్ళు తెరవమన్నారు. అందరూ అటూ ఇటూ చూసుకుని నవ్వుకున్నారు. మేడమ్‌కి ఏమీ తెలియదు. ఏమ్మా, మీకింకా రాలేదా, జలుబా అని మామూలుగానే అడిగారు. అమ్మకి అదో దారి. జలుబని తలూపితే అయిపోయేది. అమ్మ లేచి నిలబడింది.

“జలుబు కాదండీ. నాకు వాసన తెలియదు. కరోనాలో పోయింది, మళ్ళీ రాలేదు. ఇంట్లో వాళ్ళకి ఇప్పుడే చెప్తున్నాను.”

నాన్న ఎత్తిన చెయ్యి ఇంకా పూర్తిగా దించలేదు.

ఇంటికి నడిచే వచ్చాం. ఆటో మాట ఎవరూ ఎత్తలేదు. నాన్న ముందు, అమ్మ వెనక, మధ్యలో సీసా పట్టుకుని నేను. మెస్ గేటు దగ్గర నాన్న ఆగారు. మూసెయ్యమంటారు, ఇప్పుడే అంటారు అనుకున్నాను. గ్యాస్ గురించి చెప్పడానికి నోరు తెరిచాను.

నాన్న నా చేతిలోంచి సీసా తీసుకున్నారు.

“ఇది ఎవరో ఇచ్చింది కాదు కుసుమా. నేనే కొన్నాను. నెలల తరబడి పూసుకున్నాను. ఒక్క మాటైనా అంటావని.”

నాన్న నేలని చూస్తూ, మెస్ వచ్చాక నేను గుర్తు లేనేమో అనుకున్నాను అన్నారు. ఇంత కోపం మెస్ మీద అందుకా? మా నాన్న? ఫైళ్ళు తప్ప ఏమీ ఎరగని మా నాన్న? గేటు పట్టుకుని నిలబడ్డాను. అది కూడా లోపల వణుకుతూ ఉండి ఉంటుంది.

తర్వాత గ్యాస్ సంగతి చెప్పాను. నాన్న అలాగే మెయిన్ రోడ్డుకి వెళ్ళి, గ్యాస్ లీకైతే కూత పెట్టే మెషీన్ కొనుక్కొచ్చారు. గ్యాస్ నేల మీద పాకుతుంది, కింద బిగించాలని చెప్తే, చాప మీద పడుకుని మరీ బిగించారు.

డిసెంబర్ 21, ఆదివారం, ఉదయం

టిఫిన్ పెడుతూ అమ్మ హాల్లో అందరికీ చెప్పేసింది. పుస్తకాలు మూసి విన్నారు. ఇద్దరు చెయ్యి కడుక్కుని, వేరే మెస్ చూసుకుంటామని వెళ్ళిపోయారు. అమ్మ వాళ్ళని ఆపలేదు. నరేంద్ర అన్న మాత్రం ఇడ్లీ తింటూనే, ఇన్నొద్దులు బాగనే తిన్నం గదమ్మ, ఇప్పుడు మా ముక్కులు గూడ మీకే కిరాయికిస్తం అన్నాడు. చట్నీ కొసరు వేయించుకున్నాడు. రామమ్మ, ఎవ్వలియ్యక్కరలేదు, నా ముక్కున్నది అని కసిరింది.

ఇక మీద నైవేద్యం అయ్యాక, వడ్డించేముందు, మొదటి ముద్ద నేనో రామమ్మో తినాలి. దేవుడి తర్వాత మీరే అంది అమ్మ. మొన్న కర్పూరం పొంగలి ఆయనే కదా ముందు తిన్నాడు, ఆయనా ఏమీ చెప్పలేదు అని నవ్వింది. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు.

రేపు సాయంత్రం నాన్న అమ్మని ముక్కు డాక్టర్‌కి చూపిస్తారు. వాసన తిరిగొస్తుందో రాదో ఎవరూ మాటివ్వలేదు.

డిసెంబర్ 21, సాయంత్రం

రేపు పొద్దున:

అమ్మ కంటే ముందు దిగాలి. లైటు వెయ్యకుండా, నేల దాకా వంగి వాసన చూడాలి. ఏమీ లేకపోతే, ఏమీ లేదని గట్టిగా చెప్పాలి. అప్పుడు అగ్గిపుల్ల.

తర్వాత పోపు. ఇంగువకి ఇంకా మాట దొరకలేదు. నూనె కాగేలోగా వెతకాలి.